బ్యాలెన్స్ చూసేదాకా

కిసుములో, కిబుయే సంత వెనక సందులో
నీలంరేకు తలుపు ముందు నా బోడా బండి ఆపాను.
కుట్టుమిషను ఎక్కించుకు రమ్మన్నాడు ఫోన్లో ఎవరో.
పేరు చెప్పాడు, మరిచిపోయాను.
కిరాయి మిషను చేరాక ఇస్తానన్నాడు,
అది మాత్రం గుర్తుంది.

తలుపు తీసింది అపోండి.
మెడలో టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు.
సూదులు తియ్యకుండానే అంది:
"డబ్బు రాలేదు."

"పంపాడట కదమ్మా, మెసేజి కూడా వచ్చిందట."
నాకు తొందర.
సరస్సు మీంచి లేచొచ్చిన ఎండ
అప్పటికే నా సీటెక్కి కూర్చుంది.

ఫోను నా మొహం ముందు పెట్టింది.
పద్దెనిమిది వేల షిల్లింగులు అందాయి అని ఉంది.
తేదీ ఉంది, టైము ఉంది,
చివర పొడుగాటి నంబరొకటి, తోకలా.
"ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడు.
కంపెనీ కాదు, ఎవడిదో మామూలు ఫోను.
కోడిలా మనిషి కూస్తే
తెల్లారుతుందా?"

మిషను చక్రం మీద చెయ్యి వేసి చెప్పింది.
పోయినేడు చెల్లెలు అవినోకి ఫోను కొందట, సగం ధరకి.
ఈ పూట కాకపోతే ఇంకొకరికి పోతుందన్నాడట వాడు.
పరిగెత్తి డబ్బు కట్టింది.
పెట్టె వచ్చింది, బరువు సరిగ్గానే ఉంది.
విప్పితే బట్టల సబ్బు,
ఫోనంత కొలతకి నీటుగా కోసింది.
"సబ్బు మంచిదే, నాలుగు వారాలొచ్చింది.
ఉతికినప్పుడల్లా
నా తెలివి ఎంతో నురగ చెప్పేది."

అంతలో వాడి ఫోను.
ఇంకా ఎక్కించలేదా అని గద్దించాడు.
పొరపాటున మూడు వేలు ఎక్కువ పంపాను,
అవి ముందు వెనక్కి కొట్టమన్నాడు.
నేను చర్చికెళ్ళే మనిషిని, నమ్మకం లేదా అన్నాడు.
సూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంది అపోండి.
"ఉంది నాయనా, బోలెడంత ఉంది.
నీకూ కాళ్ళున్నాయిగా,
సంతలో ఏజెంటు కొట్టు దగ్గరికి రా.
అక్కడే మిషను తొక్కి చూసుకో, అక్కడే డబ్బిద్దువు."
అవతల గాలి చప్పుడు. తర్వాత అదీ లేదు.

తను బ్యాలెన్సు నొక్కి చూసింది.
రెండువందల నలభై.
పొద్దున కూడా అంతేనట.

అప్పుడు తట్టింది నాకు:
మరి నా కిరాయి?
నేనూ కొట్టాను వాడి నంబరుకి,
నాలుగుసార్లు. స్విచ్చాఫ్.
కొండెలే దాకా మోసుకెళ్ళి
ఏ మూల మీద నిలబడేవాణ్ణో,
ఎవరికి అప్పగించేవాణ్ణో,
రేపు పోలీసులొస్తే ఎవరి మొహం చూపించేవాణ్ణో.
నవ్వు రాలేదు. తనకి వచ్చింది.

"కూర్చో," అంది, "ఆ చొక్కా ఇటియ్యి."
భుజం దగ్గర జానెడు చిరుగు,
నేను ఈస్టరు నుంచీ చూడనట్టు తిరుగుతున్నది.
మోకాలు నొప్పెడుతుందని మిషను అమ్మేస్తున్న మనిషి
ఆ మోకాలితోనే తొక్కి కుట్టింది.
గదిలో ఆ చప్పుడొక్కటే, వాన రేకు మీద నడిచినట్టు.

శనివారం అహేరో నుంచి ఒక పంతులమ్మ వచ్చింది,
పేరు అక్కెల్లో.
పాత గుడ్డ పెట్టి తొక్కింది, బాబిను తీసి చూసింది,
సూది కాస్త వంకరుందని మూడువందలు తగ్గించమంది.
అపోండి రెండొందలు తగ్గించింది.
ఏజెంటు కొట్టు ముందు డబ్బు పంపింది పంతులమ్మ.
మెసేజి మోగింది.
అయినా అపోండి చక్రం వదల్లేదు,
రెండో చేత్తో బ్యాలెన్సు నొక్కుతూ నిలబడింది.

నెట్‌వర్కు నెమ్మది.
పంతులమ్మకి కోపం రాలేదు,
వేయించిన వేరుశెనక్కాయల పొట్లం విప్పి
నాకూ నాలుగు పెట్టింది.
ఆగింది, మేమంతా ఆగాం.

ఈసారి కిరాయి ముందే అడిగాను.